పండుగ దాకా చెప్పకూడదు

నంద్యాల,
2 నవంబరు 2025, ఆదివారం

జేజీకి నీ మనవరాలు అక్షయ ముద్దులు.

మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోను చేయడంలేదని కోప్పడ్డావట, అమ్మ బెంగళూరు నుంచి చెప్పింది. ఇక్కడ ఫోనంటే రెండో ఆదివారం మూడు నిమిషాలు. వెనకాల ఇరవైమంది నిలబడి వింటుంటారు. అందుకే ఉత్తరం. ఉత్తరమైతే ఎవరూ వినరా అంటావేమో, వార్డెన్ సిస్టర్ లూర్దు మేరీ చదువుతుంది. వచ్చేవి కత్తెరతో కోసి చదువుతుంది, పోయేవి కవరు అంటించకుండా ఆమె టేబుల్ మీద పెట్టాలి. (సిస్టర్, గుడ్ ఈవెనింగ్.)

అసలు సంగతి విను. జనవరిలో వార్షికోత్సవం. పదో తరగతిలో ఒక్క అమ్మాయికే మదర్ మెడల్ ఇస్తారు. అది వస్తే విజయవాడలో ఈ సిస్టర్లు నడిపే కాలేజీలో ఇంటర్ రెండేళ్ళూ, హాస్టలుతో సహా ఉచితం. రాకపోతే నా సంగతి నీకు తెలుసు కదా, నాయన ఏప్రిల్లో వచ్చి తీసుకుపోయి అమ్మతోపాటు గార్మెంట్ ఫ్యాక్టరీలో పెడతానన్నాడు. మార్కులు, నడవడిక, ప్రాజెక్టు రికార్డు మూడూ చూస్తారు. మార్కుల్లో దివ్యశ్రీ ఫస్టు. నేను నాలుగు మార్కులు తక్కువ. దివ్యశ్రీ అంటే మన ఆళ్ళగడ్డ పిల్లే, జగన్నాథం శెట్టి పుస్తకాల అంగడి వాళ్ళమ్మాయి. నా పక్క మంచమే.

కానీ రికార్డులో నన్నెవరూ కొట్టలేరు. దసరా సెలవుల్లో మనం అహోబిలం జీపెక్కి పోయి తెచ్చిన మందాకులన్నీ అంటించాను, నలభై రెండు. నువ్వు చెప్పిన వైద్యం ఒక్కోదాని కింద రాశాను. నిన్న దివ్యశ్రీ పేజీ పేజీ తిరగేసి చూసింది. "ఆకులు రాలిపోతాండాయి కదే, ఇట్లనే ఇస్తావా?" అంది. బాగుందని ఒక్క మాట అనలేదు.

నీ అక్షయ


ఆళ్ళగడ్డ,
8 నవంబరు

మా అక్షయమ్మకు దీవెనలు. ప్రభువు నిన్ను కాయునుగాక.

మోకాళ్ళు ఉన్నాయి, ఉండాల్సిన తావునే ఉన్నాయి. వాటి సంగతి ఇడిసిపెట్టు.

ఆ శెట్టి కూతురు పేజీ పేజీ ఎందుకు తిరగేసింది? నీకు అనుమానం రాలా? ముప్పై ఏండ్లు సర్కారు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసినదాన్ని మే నేను. పిల్లల పెట్టెల్లో ఏం పోతాయో, ఎవురు తీస్తారో వాసన పట్టి చెప్తా. దూరంగా ఉండేవాళ్ళు తియ్యరు. పక్క మంచమోళ్ళే తీస్తారు. రికార్డు పెట్టెలో పెట్టి తాళమెయ్యి. మూత కింద ఒక వెంట్రుక అడ్డం పెట్టు. తెగిందంటే ఎవరో తెరిచినట్టే లెక్క. మా హాస్టల్లో గుడ్లు ఎత్తుకపోయే వాచ్‌మన్‌ను నేనట్లనే పట్టినా.

ఇంకోటి. డిసెంబరు వస్తాంది. పోయినేడు మాదిరి ఆ సిస్టరమ్మలు పండగ చీటీలు తీయిస్తారు. నువ్వు చెయ్యి పెట్టొద్దు. మన ఎలీషా పాస్టరు అయ్యగారు వద్దంటే వద్దే. చదువుకు ఆ కేథలిక్ బడికి పంపిస్తిమి గానీ వాళ్ళ ఆచారాలకు కాదు. ఈ మాట సిస్టరమ్మ చదివినా నాకేం భయం లేదు.

ఎవరినీ నమ్మాకు. మెడల్ నీదే కావాల.

మీ జేజి దేవమ్మ


నంద్యాల,
7 డిసెంబరు, ఆదివారం

జేజీ,

నువ్వు చెప్పినట్టే జరుగుతోంది. తొందరగా రాస్తున్నాను, అక్షరాలు బాగాలేవని తిట్టవద్దు.

పోయిన ఆదివారం చీటీలు తీశారు. క్రిస్మస్ ఫ్రెండ్ అంటారని పోయినేడు చెప్పాను కదా. ఎవరి పేరు వస్తే వాళ్ళకు తెలియకుండా పండుగ దాకా ఏదో ఒక మేలు చేయాలి, వాళ్ళ కోసం ప్రార్థన చేయాలి. ఎవరొచ్చి అడిగినా చెప్పకూడదు. సెలవులిచ్చే ముందు సాయంత్రం అందరూ హాల్లో కూర్చుంటే ఒక్కొక్కరే లేచి తమ ఫ్రెండ్‌కు పువ్విచ్చి బయటపడతారు. హిందూ పిల్లలు, సాయిబుల పిల్లలు కూడా తీస్తారు. నేను ఒక్కదాన్నే తీయలేదు. "మా జేజి వద్దంది సిస్టర్" అన్నాను. సిస్టర్ సరేనని తల ఊపింది. కాబట్టి ఆ ఆటలో నేను లేను.

బుధవారం వెంట్రుక తెగి ఉంది. వస్తువేదీ పోలేదు. గురువారం మళ్ళీ తెగింది. నేను ఎట్లా పడితే అట్లా కుక్కిన యూనిఫారాలు మడతలు పెట్టి ఉన్నాయి. ఎవరో అంతా వెతికి, వెతికినట్టు తెలియకూడదని సర్దారన్నమాట. తాళంచెవి నా జామెట్రీ పెట్టెలో ఉంటుంది. ఆ సంగతి తెలిసింది పక్క మంచానికే.

శుక్రవారం రికార్డు పోయింది జేజీ!

సిస్టర్‌కి చెబితే, ముందు నీ పెట్టె సరిగ్గా వెతుక్కో అంది. మంచం కిందా, క్లాసులో, చాపెల్లో కూడా వెతికాను. శుక్రవారం సాయంత్రమే దివ్యశ్రీ వాళ్ళన్న నిశ్చితార్థమని ఊరికి పోయింది. బ్యాగు భుజానికి ఒరిగిపోయేంత బరువు. రెండు రోజుల నిశ్చితార్థానికి అంత బరువెందుకు? రికార్డులు సెలవులకు పోయేరోజు ఇవ్వాలి. అన్నం తినబుద్ధి కావడంలేదు. అందరి ముఖాలూ దొంగ ముఖాల్లాగే కనిపిస్తున్నాయి.

అక్షయ


ఆళ్ళగడ్డ,
10 డిసెంబరు

అక్షయమ్మా,

ఏడుపు ఆపి ఇది నిదానంగా చదువు.

నీ ఉత్తరం రాకముందే, సోమవారం నాడు కవర్లు కొనేకి జగన్నాథం శెట్టి అంగడికి పోయినా. శెట్టి గల్లాపెట్టె కాడ లేడు, సరుకు కోసం విజయవాడ పోయినాడంట. వెనక గదిలో బైండింగ్ చేసే మద్దిలేటి కింద కూర్చోని ఉండాడు. వాని ముందర ఏముండాదో తెలుసునా? మన ఆకులు! నేలవేము, పొడపత్రి, నా చేత్తో తుడిచిన తిప్పతీగ. కుట్టు దారం తెంపి పేజీకి పేజీ విడదీసి పరిచినాడు. పక్కన జెరాక్సు మిషను గుర్రుమంటాంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు తెరవలా. అడిగితే జాగ్రత్త పడతారు. ఎనిమిది కవర్లు తీసుకోని వచ్చేసినా. ఇంటికొచ్చినాక అంతా తేటగా అర్థమయింది. ఆ పిల్ల నీ రికార్డు ఎత్తుకొచ్చి, జెరాక్సు తీసి, తనది నీ మాదిరి తయారు చేసుకుంటాంది. నీది పేజీలు ఊడిపోయి పనికిరాకుండా పోతాది.

నేను కంప్లైంటు ఇయ్యను. నంద్యాలకు బస్సెక్కి వచ్చి గొడవా చెయ్యను. నా మనవరాలికి ఉత్తరం రాస్తాండా, అంతే. దీన్ని ఇంకెవరన్నా చదివితే, న్యాయం తెలిసినోళ్ళైతే, ఏం చెయ్యాలో వాళ్ళకే తెలుస్తాది.

మీ జేజి


నంద్యాల,
14 డిసెంబరు, ఆదివారం

జేజీ,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. సిస్టర్ చదివి నాకివ్వలేదు, మా ఇద్దర్నీ ఆఫీసుకు పిలిచింది.

"అక్షయ రికార్డు నువ్వు తీశావా?" అని అడిగింది. "తీశాను సిస్టర్" అంది దివ్యశ్రీ, అదేదో గొప్ప పని చేసినట్టు. "ఎక్కడుంది?" "మా అంగట్లో." "ఎందుకు తీశావు?" దానికి మాత్రం నోరు తెరవలేదు. సిస్టర్ మూడుసార్లు అడిగింది. మూడోసారి, "ఇప్పుడు చెప్పలేను సిస్టర్" అని తల వంచుకుంది. ఎంత పొగరు చూడు! కాపీ కొట్టానని చెప్పుకోడానికి సిగ్గయి ఉంటుంది.

నడవడిక మార్కులు కొట్టేశారు. మెడల్ జాబితాలోంచి పేరు తీసేశారు. నిన్న వాళ్ళ నాన్న వచ్చాడు. సిస్టర్ చెప్పిందంతా నిలబడే విన్నాడు, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "మా అంగట్లో ఇన్నేండ్లలో మేము ఎవరినీ దొంగ అన్లేదమ్మా. మా పిల్ల ఈడ ఉండదు, పరీక్షలకు వస్తాది" అన్నాడు. కూతురి పెట్టె తనే మోసుకుంటూ మెట్లు దిగాడు. రికార్డు పంపించండని సిస్టర్ అడుగుతుంటే ఆగకుండా నడిచిపోయాడు.

నేను మేడ మీది నుంచి చూశాను. నిజం చెప్పాలంటే మొదట సంతోషమే వేసింది. దివ్యశ్రీ గేటు దగ్గర ఆగి పైకి చూసింది. నేను ముఖం తిప్పేసుకున్నాను. అప్పట్నుంచి ఆ ఖాళీ మంచం వైపు చూడలేకపోతున్నాను, ఎందుకో తెలియదు.

రికార్డు మళ్ళీ రాస్తున్నాను. ఆకులు లేవు, బొమ్మలు గీస్తున్నాను. నువ్వొకసారి అంగడికి పోయి పాత రికార్డు అడగవా?

అక్షయ


ఆళ్ళగడ్డ,
18 డిసెంబరు

బంగారు తల్లి అక్షయకు,

ఒంట్లో బాగుందా? చలి జాస్తిగా ఉంది, చెవులకు గుడ్డ కట్టుకో. సెలవులకు వచ్చినప్పుడు నీకిష్టమని ఓళిగలు చేస్తా. కొత్త గౌను గుడ్డ కూడా తెచ్చినా.

పాత రికార్డు సంగతి మర్చిపో. నేను అడిగినా, లేదన్నారు. ఎవరిష్టం వాళ్ళది, మనమెందుకు గుంజులాడాలి? నువ్వు కొత్తది రాస్తాండావు కదా, అది చాలు. ఇంకెవరినీ ఏమీ అడగొద్దు. ఆ అంగడి గడప తొక్కొద్దు. జరిగింది జరిగిపోయింది. మెడల్ నీది, విజయవాడ సీటు నీది, మీ నాయన నోరు మూయించే పూచీ నాది.

ఈసారి ఉత్తరం చిన్నది, చేతివేళ్ళు కొంకర్లు పోతాండాయి.

మీ జేజి


నంద్యాల,
4 జనవరి 2026, ఆదివారం

జేజీ,

సెలవుల్లో పది రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. నువ్వు నా దగ్గర ఒకటి దాచావు, నేను నీ దగ్గర ఒకటి దాచాను. నోటితో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

నేను దాచింది ముందు చెబుతాను. ఇంటికి వచ్చే ముందు సాయంత్రం హాల్లో క్రిస్మస్ ఫ్రెండ్స్ బయటపడ్డారు. నేను ఆటలో లేనుగా, పువ్వులు అందిస్తూ పక్కన నిలబడ్డాను. ఒక్కొక్కరే లేచి పోయి వాళ్ళ ఫ్రెండ్‌ను కావిలించుకుంటున్నారు. ఒకటే కేకలు. చివరికి సిస్టర్ లేచి ఎనిమిదో తరగతి అమృతకు పువ్విచ్చింది. "అక్షయ తీయాల్సిన చీటీ నేను తీశాను" అంది. తర్వాత చుట్టూ చూసి, "మరి అక్షయ పేరు ఎవరికొచ్చింది? ఏ పిల్లా మిగిలిపోకూడదని అక్షయ పేరు కూడా నేనే డబ్బాలో వేశాను" అంది.

ఎవరూ లేవలేదు.

నా పేరు ఉందని నాకు ఆ నిమిషం దాకా తెలియదు జేజీ. అందరూ నావైపు చూస్తున్నారు. ముందే ఊళ్ళకు పోయిన ముగ్గురిలో ఎవరో అయ్యుంటారులే అంది సిస్టర్, కానీ ఆమె గొంతు మారింది. నాకు మడతలు పెట్టిన యూనిఫారాలు గుర్తొచ్చాయి. దొంగ ఎవరైనా మడతలు పెడుతుందా?

ఇంటికొచ్చాక నీకు చెప్పలేదు, ఎందుకంటే నీ మీద అనుమానం మొదలైంది. అడగకుండానే రెండుసార్లు, "శెట్టి అంగడికి మాత్రం పోవద్దు" అన్నావు. గ్రాఫు కాగితాలు కావాలంటే నువ్వే లేచి పోయావు, ఆ మోకాళ్ళతో. పక్క మంచాన్ని కనిపెట్టమని నువ్వు చెప్పినట్టే నిన్ను నేను కనిపెట్టడం మొదలుపెట్టాను. నాకది ఎంత అసహ్యంగా ఉండిందో చెప్పలేను.

ముప్పై ఒకటిన నువ్వు చర్చి ఊడ్వడానికి పోయినప్పుడు అంగడికి పోయాను. శెట్టి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయాడు. మద్దిలేటి పలకరించాడు. "ఏం పాపా, బైండింగ్ బాగొచ్చిందా? ఆకులు రాలకుండా పేజీకి పేజీకి నడుమ ప్లాస్టిక్ కాగితం ఎయ్యమని మా దివ్యమ్మ ఒకటే పోరు. పండక్కియ్యాల, ఎవురికీ చెప్పొద్దు అనె. నేను మీ జేజి చేతికిచ్చి పదైదు దినాలాయె" అన్నాడు.

జెరాక్సు మిషను ఎవరి రేషన్ కార్డో తీస్తూ ఉండిందట, అంతే.

ఇంటికొచ్చి నీ పెట్టె తెరిచాను. అడుగున, తెల్లచీర కింద దొరికింది. నీలం అట్ట. బంగారు అక్షరాలతో నా పేరు. నలభై రెండు ఆకుల్లో ఒక్కటీ రాలలేదు. మొదటి పేజీలో "నీ క్రిస్మస్ ఫ్రెండ్" అని ఉంది, కింద పేరు రాసేచోట ఖాళీ. పేరు పండుగనాడు రాద్దామనుకుంది.

మూడుసార్లు అడిగినా దివ్యశ్రీ చెప్పలేదు. చెప్పకూడదన్నది నియమం కాబట్టి చెప్పలేదు. ఆ నియమం మనది కాదు, శెట్టి వాళ్ళదీ కాదు. అయినా నిలబెట్టుకుంది. దొంగ అన్నా పడింది.

ఆ రికార్డు నేను తెచ్చేసుకున్నాను. పెట్టెలో లేదని నీకు తెలిసే ఉంటుంది. బస్సు దగ్గర నా బ్యాగు వైపే చూస్తూ నిలబడ్డావు నువ్వు.

ఎల్లుండి మెడల్ పేరు ప్రకటిస్తారు. నాదేనని సిస్టర్ మొన్న చెప్పింది. రేపు ఉదయం ప్రార్థన కాగానే ఈ నీలం పుస్తకం, ఈ ఉత్తరం ఆమె చేతిలో పెడతాను. ఏం పోతుందో నాకు తెలుసు జేజీ. నాకు భయంగా ఉంది. నువ్వు నాకు ఇట్లా చేస్తావని నేను అనుకోలేదు.

అక్షయ


ఆళ్ళగడ్డ,
9 జనవరి

అక్షయా,

అమ్మా అని పిలిచేకి నోరు రాక ఉత్త పేరే రాస్తాండా.

బైండింగ్ బుక్కు మద్దిలేటి తెచ్చి ఇచ్చింది డిసెంబరు పదహారున. "శెట్టి ఇమ్మన్యాడు" అన్యాడు. ఇంకేమన్నా చెప్పమన్నాడా అంటే, "ఏం చెప్పద్దన్యాడు" అన్యాడు. అట్ట తిప్పి చూసి గడప కాడనే కూలబడినా. నా నోటితో ఒక బిడ్డను దొంగను చేసినానని ఆ దినమే తెలిసింది. బస్సెక్కి రావాలని చీర కూడా మార్చుకున్యా. అప్పుడు మీ నాయన ఫోను చేసినాడు. ఫ్యాక్టరీలో మాట్లాడినా, ఏప్రిల్లో పాపను చేర్చుకుంటారంట అన్యాడు. చీర విప్పి మడత పెట్టినా. దాని కిందనే ఆ బుక్కు పెట్టినా.

ముప్పై ఏండ్లు ఊరి పిల్లలకు వండి పెట్టినా, నా కొడుకును చదివించుకోలేకపోతి. నువ్వన్నా చదువుకోవాలని. ఇంకేం చెప్పుకునేది లేదు. తప్పు తప్పే.

సిస్టరమ్మ మంగళవారం జీపులో వచ్చింది. "నేనూ అడగవలసినట్టు అడగలేదు దేవమ్మగారూ, మీరు రాసింది నమ్మేశాను" అనింది. ఇద్దరం కలిసి శెట్టి ఇంటికి పోతిమి. సిస్టరమ్మ చేతులు జోడించింది. నేనైతే శెట్టి ముందర కొంగు పట్టుకోని నిలబడినా. ఆయప్ప, "నాకెందుకమ్మా? అనిపించుకున్న పిల్ల లోపలుంది. దానికే చెప్పండి" అన్యాడు.

పోయినా. నా వయసుకు పదైదేండ్ల పిల్ల ముందర నిలబడి, "నేనే రాసినా తల్లీ, నన్ను క్షమించు" అన్యా. తిట్టుంటే బాగుండు. "కూర్చోండి జేజీ" అని నీళ్ళు తెచ్చిచ్చింది.

మీ నాయనతో నేను కొట్లాడతా. ఈడనే సర్కారు కాలేజీలో చదివిస్తా, మోకాళ్ళు ఎట్లన్నా పోనీ, మళ్ళా వంటకు పోతా. వచ్చే నెల రెండో ఆదివారం నిన్ను చూసేకి వద్దామనుకుంటాండా. నువ్వు రావద్దంటే రాను.

దేవమ్మ


నంద్యాల,
25 జనవరి, ఆదివారం

జేజీ,

నిన్న వార్షికోత్సవం అయింది. మదర్ మెడల్ దివ్యశ్రీకి ఇచ్చారు. ఇచ్చే ముందు సిస్టర్ లూర్దు మేరీ మైకులో, అందరి తల్లిదండ్రుల ముందర, "ఈ అమ్మాయి మీద మేము అన్యాయంగా నింద వేశాం" అని చెప్పింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ ఏడ్చాను, సీటు పోయినందుకు కూడా ఏడ్చాను. రెండూ కలిసిపోయాయి, విడదీసి చెప్పలేను.

దివ్యశ్రీ వాళ్ళ నాన్నతో వచ్చి, వాళ్ళ నాన్నతోనే పోయింది. హాస్టలుకు ఇక రాదట. మెట్ల దగ్గర ఎదురుపడ్డాను. చెప్పాలనుకున్నవన్నీ ముందురోజే రాసి పెట్టుకున్నాను, ఆ కాగితం మడత విప్పుతున్నాను. తనే ఆగింది.

"రికార్డు మొదటి పేజీలో పేరు రాయలేదు నేను" అంది.

పరిగెత్తుకుంటూ పోయి రికార్డు, పెన్ను తెచ్చాను. పేజీ తెరిచి తన ముందు పట్టుకున్నాను. పెన్ను తీసుకోలేదు.

"వద్దులే అక్షయా. పండుగ అయిపోయింది కదా" అని వాళ్ళ నాన్న వెనకాలే వెళ్ళిపోయింది.

నువ్వు రెండో ఆదివారం రా. నాయనతో నేనే మాట్లాడతాను, నువ్వు పక్కన ఉండు చాలు. నాకు నీ మీద కోపం పోలేదు. పోయినట్టు నటించడం నాకు చేతకాదు.

అక్షయ